ఓర్వకల్లు నుంచి గండికోటకు గాలిదారి

ఓర్వకల్లులో ఎద్దుల బండ్లు చేసే వడ్రంగి ఒకాయన విమానం కట్టాడని చెబితే మద్రాసులో మా విమానాల షెడ్డు వాళ్లెవరూ నమ్మలేదు. నేనూ సగమే నమ్మాను. కాని ఉత్తరం రాసినవాడు నాకు బాగా తెలిసినవాడు. పేరు పుల్లారెడ్డి, కర్నూలు జిల్లా రైతు. రెండేళ్ల కిందట మద్రాసు వచ్చి విమానం నడపడం నేర్చుకున్నాడు. మిగతా శిష్యులు పాఠం కాగానే కాఫీకి పోతే, ఇతను మాత్రం షెడ్డులోకి వచ్చి రెక్క కింద వెల్లకిలా పడుకుని, ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలితో వెతికేవాడు.

"మేస్త్రీ గారికి నమస్కారములు. విమానము సిద్ధమైనది. లైసెన్సు గల మెకానిక్కు పరీక్షించి సంతకము చేసినగాని ఎగురరాదని సర్కారువారి షరతు. తాము దయచేయవలెను" అని రాశాడు.

నేను చేసే పని గురించి రెండు మాటలు. పైలటు చేతిలోని కట్టెకూ, కాళ్ల కింది పలకకూ, దూరంగా రెక్కల కొసల్లోనూ తోకలోనూ కదిలే పలకలకూ మధ్య తీగలు, కప్పీలు, బోల్టులు ఉంటాయి. ఆ దారిలో ఒక్క నట్టు ఊడినా పైనున్న మనిషి చేతిలో మిగిలేది ఉత్త కట్టె. అవన్నీ సరిగా బిగిశాయా, బిగిసినవి ఊడిపోకుండా కట్టుదిట్టం చేశారా అని చూడడమే పన్నెండేళ్లుగా నా ఉద్యోగం. నేను పుట్టింది రేపల్లె దగ్గర, కాలువ నీళ్ల మధ్య. రాయలసీమ అంటే రైలు కిటికీలోంచి చూడడమే తప్ప అంతకు ముందు ఎప్పుడూ దిగి నడిచినవాణ్ణి కాదు.

కడప

కడపలో ఒక పూట ఆగాను. స్టేషను నుంచి ఊళ్లోకి పోయే దారిలో ఒక పెద్దావిడ రేకుల కొట్టంలో భోజనం పెడుతోంది. అన్నం అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అన్నం పండగలకు వండుతాం నాయనా. ఈడ సంగటి" అంది.

కొబ్బరికాయంత రాగి సంగటి ముద్ద ఆకులో పెట్టి, నడుమ గుంట చేసి నెయ్యి పోసింది. పక్కన చెనక్కాయల ఊరుబిండి, అంటే వేరుశెనగ పచ్చడి. మా వైపు ముద్దపప్పులో కూడా అంత నెయ్యి చూడలేదు. ధర ఒక అణా. నేను మా అలవాటు కొద్దీ కొంచెం కొంచెం తుంచి నములుతుంటే ఆమెకు నవ్వాగలేదు.

"నమలగూడదప్పా. మింగాల. నమిలితే దానికి కోపమొస్తుంది. యాడికి పోతాండావు?"

"ఓర్వకల్లుకమ్మా. అక్కడ ఒక విమానం కట్టారు. అది చూడడానికి."

ఆమె గరిటె పట్టుకుని కాసేపు ఆలోచించింది. "ఎగరక ముందు సూస్తావా, పడినంక సూస్తావా?"

"ఎగరక ముందే."

"అట్లయితే ఇంకొక ముద్ద తిను" అని, నేను వద్దంటున్నా వినకుండా పెట్టింది. దానికి దుడ్లు పుచ్చుకోలేదు. నా ఉద్యోగానికి అంత గౌరవం మద్రాసులో ఎవరూ ఇవ్వలేదు.

ద్రోణాచలం

డోన్‌ను రైలు వాళ్లు ద్రోణాచలం అంటారు. ఊరివాళ్లు మాత్రం డోన్ అనే అంటారు. మూడు వైపుల నుంచి వచ్చే రైళ్లు అక్కడ కలుస్తాయి గనక ప్లాట్‌ఫారం మీద ఎప్పుడూ మూటలే. కర్నూలు బండికి ఇంకా టైముంది. ఒక దుకాణంలో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ అర్ధణాకు కొనుక్కుని కూర్చున్నాను. ఉగ్గాణి అంటే బొరుగులను, అదే మరమరాలను, నీళ్లలో తడిపి తాలింపు వేసినది. మా వైపు బొరుగులు పిల్లల తిండి. ఇక్కడ కూలీ నుంచి గుమాస్తా దాకా అదే పొద్దుటి ఫలహారం. బజ్జీ కొరికేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కొత్తోనివా?" అన్నాడు పక్కన కూర్చున్న మనిషి. గాజుల వ్యాపారం చేస్తాడట, పేరు సుంకన్న. ఊరూరా సంతలు తిరుగుతాడు. నా పెట్టె లాంటిదే అతని దగ్గరా ఒక నల్ల రేకు పెట్టె ఉంది.

"నీ పెట్టెలో ఏముండాది?" అని అడిగాడు.

"పిన్నులు, తీగ, పనిముట్లు."

"నా దాంట్లో గాజులు. రెండూ ఆడోళ్ల సామానే" అన్నాడు. నేను పిన్నులంటే అతను తల పిన్నులనుకున్నాడు. కారం మంటలో సరిదిద్దే ఓపిక నాకు లేకపోయింది.

బండి వచ్చింది. తోపులాటలో ఎక్కాను. వెల్దుర్తి దాటి, కర్నూలులో దిగి, బస్సు పట్టుకుని నంద్యాల రోడ్డు మీద ఓర్వకల్లు చేరాను. దారికి రెండు వైపులా బండల గుట్టలు. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆట సగంలో వదిలేసి వెళ్లినట్టు నిలబడి ఉన్నాయి. చెట్టు కనిపిస్తే బస్సులోవాళ్లు దాని పేరు చెప్పి చూపించారు. అంత తక్కువ చెట్లు.

పుల్లారెడ్డి బస్సు దగ్గరికే వచ్చి నా పెట్టె తానే మోశాడు. ఇంటికి చేరి కాళ్లు కడుక్కుని పెట్టె తెరిచాను. లోపల ఎరుపు, ఆకుపచ్చ, పసుపు గాజులు గడ్డిలో చుట్టి తళతళలాడుతున్నాయి.

ఓర్వకల్లు, మొదటి రోజు

పిన్నులు లేని మెకానిక్కు కత్తెర లేని మంగలి లాంటివాడు. నేను తల పట్టుకుంటే పుల్లారెడ్డి పకపకా నవ్వాడు. "మేస్త్రీగారూ, మీ పెట్టెలో నా ఉత్తరం ఉండాదా?"

ఉంది. అందులో అతని పేరూ ఊరూ ఉన్నాయి.

"అట్లయితే వాడే వస్తాడు. గాజుల్లేకుండా వాడు సంతకు పోలేడు గదా. రాండి, విమానం సూద్దురు."

చెనక్కాయలు పీకేసిన బీడులో ఒక పెద్ద పాక. ముందు తడికెలు పక్కకు లాగారు. అక్కడ విమానం నిలబడి ఉంది. ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు. తల మీద గొడుగులా, కుడికీ ఎడమకూ చాచిన ఒకే రెక్క. కర్ర మద్రాసు నుంచి రైల్లో తెప్పించారు, ఇంజను విదేశం నుంచి వచ్చిన చిన్న పాతది. మిగతాదంతా ఈ ఊరి చేతి పని. రెక్క లోపలి పక్కటెముకలను ఒక్కొక్కటిగా తట్టాను. ఒక్కటీ డొల్ల శబ్దం చేయలేదు. గుడ్డ మీద కుట్లు చీమల బారులా, ఎక్కడా వంకర లేకుండా రెక్క కొస దాకా సాగాయి.

దాన్ని కట్టిన మాబు సాబు పాక గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, తెల్ల గడ్డం, మోచేతుల దాకా కర్ర పొట్టు. పక్కన ఆయన భార్య హుసేనమ్మ. రెక్కల గుడ్డ కుట్టింది ఆవిడే. ఏడాదిన్నర ఇద్దరూ ఈ పాకలోనే బతికారని పుల్లారెడ్డి చెప్పాడు.

"పని గొప్పగా ఉంది సాబుగారూ" అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి.

తర్వాత కట్టె దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నట్టులు చూడడం మొదలుపెట్టాను. ఒక్క బోల్టుకూ పిన్ను లేదు. విమానం బోల్టు కొసన అడ్డంగా ఒక సన్న రంధ్రం ఉంటుంది. నట్టు బిగించాక అందులో పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ విడదీసి వంచుతాం. అప్పుడు నట్టు తిరగాలన్నా తిరగలేదు.

"ఈ రంధ్రాల్లో ఏమీ పెట్టలేదేం?"

"అవి నూనె పోయనీకి గదా సామీ?" అన్నాడు మాబు సాబు. "రోజూ పోస్తాండా."

నిజమే. ప్రతి రంధ్రమూ నూనెతో నిగనిగలాడుతోంది.

నేను విషయం చెప్పాను. ఆయన ముఖం బిగుసుకుంది. "ముప్పై ఏండ్లుగా బండ్లు చేస్తాండా. నేను బిగిచ్చిన నట్టు ఇంతవరకు ఊడలా. కావాలంటే మీరే ఇప్పి సూడండి."

పానా పట్టుకుని ప్రయత్నించాను. నిజంగానే కదల్లేదు. ఆయన పుల్లారెడ్డి వైపు తిరిగి, "రెడ్డీ, ఈయనకు మన పని మీద నమ్మకం లేదు" అని వెళ్లిపోయాడు. హుసేనమ్మ ఒక్క క్షణం ఆగి నన్ను చూసి ఆయన వెనకే వెళ్లింది.

మద్రాసు నుంచి వచ్చి ఒక మంచి పనివాడి మనసు నొప్పించాను. అలాగని మాట వెనక్కి తీసుకుంటే పుల్లారెడ్డి ప్రాణం మీదికి వస్తుంది.

రెండో రోజు

పొద్దున్నే నేనే మాబు సాబు ఇంటికి పోయాను. "మీరు బిగించినట్టు నేను బిగించలేను సాబుగారూ. అది ఒప్పుకున్నా. ఒక్క పరీక్ష చేద్దాం. మీ చేతుల్తోనే చేయండి" అన్నాను.

విమానం చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, తోకను బరువు బండికి కట్టాం. ఇంజను దగ్గర పని లేని ఒక రంధ్రంలో విడి బోల్టు దూర్చి, నట్టును మాబు సాబే తన బలమంతా పెట్టి బిగించాడు. దాని మీద సుద్దతో గీత గీశాను. పుల్లారెడ్డి ఇంజను తిప్పాడు. దుమ్ము లేచింది. బీడులో మేకలు పారిపోయాయి. అరగంట నడిపి ఆపాం.

గీత చెదిరిపోయింది. మాబు సాబు వంగి నట్టును రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. సీసా మూత తిరిగినట్టు తిరిగింది.

ఆయన దాన్ని పూర్తిగా విప్పి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "బండి కుదుపు వేరు. ఇది వణుకు" అన్నాడు నెమ్మదిగా. "ఈ వణుకు నాకు తెల్దు సామీ. పిన్నులు యాడుండాయి?"

పిన్నులు డోన్‌లో ఉన్నాయో కర్నూలులో ఉన్నాయో నేనెలా చెప్పను! కాని పుల్లారెడ్డి మాట నిజమైంది. మధ్యాహ్నం బస్సు దిగి సుంకన్న నా పెట్టె నెత్తిన పెట్టుకుని బీడుకు అడ్డంగా పరుగు లాంటి నడకతో వచ్చాడు.

"ఏమప్పా, ఇవా నీ పిన్నులు?" అని దూరం నుంచే అరిచాడు. "బేతంచెర్ల సంతలో ఆడోళ్లు నా సుట్టూ కూర్చుండినారు. ఒకామె చెయ్యి సాపింది. గాజులు తీద్దామని పెట్టె తెరిస్తే ఇనప తీగలు! ఆమె ఏమన్నాదో నీకు చెప్పలేను."

నేను నవ్వలేక, నవ్వు ఆపుకోలేక చేతులు జోడించాను. కోపంగా వచ్చిన మనిషి విమానం చూసి అంతా మరిచిపోయాడు. దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వెళ్లబోతూ హుసేనమ్మకు ఒక డజను ఆకుపచ్చ గాజులు ఇచ్చి, "ఇది ఎగిరిన దినం ఏసుకోవాల" అన్నాడు.

ఇక పని మొదలైంది. తీగలను పరీక్షించే పద్ధతి ఒకటుంది. మెత్తటి గుడ్డ తీగ చుట్టూ పట్టుకుని పొడవునా లాగాలి. సన్న పోగు ఒక్కటి తెగి ఉన్నా గుడ్డకు తగులుకుంటుంది. గుడ్డ హుసేనమ్మ ఇచ్చింది. పట్టుకోవడమూ ఆవిడే పట్టుకుంది. తోక తీగలు నున్నగా వచ్చాయి. కుడి రెక్కకు పోయే తీగ దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఈడ గుచ్చుకుంటాండాదన్నా."

చూస్తే కప్పీ రవ్వంత పక్కకు ఉంది. తీగ కర్రకు ఒరుసుకుని మూడు పోగులు తెగాయి. పైకి కనిపించేది కాదు. మాబు సాబు కప్పీ విప్పి, సరిచేసి, తీగ పక్కకు జారకుండా దానికి చిన్న కాపు అమర్చాడు. నా దగ్గరున్న కొత్త తీగలు రెండు రెక్కలకూ వేశాను. ఇంతలో మాబు సాబు ఒక్కొక్క బోల్టు దగ్గరా పిన్ను దూర్చి కాళ్లు వంచుతూ పోయాడు. నిన్న మొండికేసిన మనిషి ఇవాళ నేను వంచిన పిన్నును చూసి, "ఇది రవ్వంత వదులు సామీ" అని తీసి మళ్లీ వేశాడు.

మూడో రోజు

తీగలను బిగించే మరలకు కట్టుతీగ చుట్టడం మిగిలింది. మర వదులు కాబోతే ఆ తీగ లాగి పట్టాలి. అంటే చుట్టే దిక్కు ముఖ్యం. అది నా చేతుల్తోనే చేశాను. సాయంత్రానికి అంతా అయిపోయింది. ఊరు ఊరంతా బీడులో చేరింది. పుల్లారెడ్డిని సీట్లో కూర్చోబెట్టి కట్టె ముందుకు, వెనక్కి, పక్కలకు తిప్పమన్నాను. చుట్టూ నడిచి చూశాను. అన్నీ తేలిగ్గా కదులుతున్నాయి, ఎక్కడా పట్టేయడం లేదు, ప్రతి పిన్నూ దాని చోట ఉంది. విమానం పుస్తకం తెరిచి, పెన్ను మూత తీశాను.

"అన్నా, ఒక మాట" అంది హుసేనమ్మ.

గుంపు అంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ కొంగు సవరించుకుని, రెక్క కొసనున్న కదిలే పలక వైపు చెయ్యి చూపింది. వాటిని ఆవిడ చెవులు అంటుంది.

"మొన్నటి దాకా రెడ్డి కట్టెను ఎడమకు వంచితే ఎడమ చెవి లేస్తాండె. ఇప్పుడు దిగుతాండాది. మీరే మార్చినారా?"

నేను పుస్తకం మూసి సీటు వైపు తిరిగాను. "రెడ్డిగారూ, ఎడమకు వంచండి."

వంచాడు. ఎడమ చెవి కిందికి దిగింది.

చదివేవారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. విమానం నేల వదిలిన వెంటనే గాలికి ఒక పక్క ఒరుగుతుంది. పైలటు కట్టెను రెండో పక్కకు వంచి సరిచేస్తాడు. తీగలు అటుది ఇటు అయితే, సరిచేసిన కొద్దీ ఇంకా ఒరుగుతుంది. అదేమిటో అర్థమయ్యే లోపల రెక్క నేలను తాకుతుంది. కట్టె అడుగున రెండు కొక్కేలు, రెండు తీగలూ ఒకే పొడవు, ఒకే కొస. కొత్త తీగలు వేసినప్పుడు నేనే వాటిని తారుమారు చేశాను. కదులుతున్నాయా అని చూశానే గాని ఎటు కదులుతున్నాయో చూడలేదు. పన్నెండేళ్ల అనుభవం, లైసెన్సు, చేతిలో పెన్ను. ఆవిడ నోరు విప్పకపోతే నా సంతకంతో ఆ మనిషిని చంపి ఉండేవాణ్ణి.

సందు చూసుకుని దాచిపెట్టే వీలు లేదు, ఇష్టమూ లేదు. అందరూ వినేలా, "తప్పు నాది. ఈవిడ చెప్పింది నిజం" అన్నాను.

పుల్లారెడ్డి సీట్లోంచి దిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పు నేల మీద దొరికింది మేస్త్రీగారూ. పైన కాదు."

మాబు సాబు అప్పటికే కట్టె అడుగున తల దూర్చాడు. లోపలి నుంచే అడిగాడు. "సామీ, రెండు కొసలూ ఒకే తీరుగా ఎందుకుండాల? ఎడమ తీగకు వెడల్పు పట్టీ, కుడి తీగకు ఇరుకు పట్టీ పెడితే? ఇంగ ఎవడు బిగిచ్చినా ఎడమది కుడికి పట్టదు గదా."

మాకు షెడ్డులో ఇన్నేళ్లుగా తోచని మాట అది. పొద్దు వాలే లోపల పట్టీలు చేసి వేశాడు. కావాలని తారుమారుగా తగిలించాలని నేను ప్రయత్నించాను. పట్టలేదు. గుంపులో ఎవరో ఈల వేశారు.

మళ్లీ మొదటి నుంచి చూశాం. ఈసారి నేను ఒక్కణ్ణే కాదు. నేను పిన్నులు చూస్తుంటే హుసేనమ్మ దిక్కులు చూసి గట్టిగా చెప్పింది. "కట్టె ఎడమకు. ఎడమ చెవి లేసింది, కుడిది దిగింది. కట్టె వెనక్కి. తోక పలక లేసింది." అంతా అయ్యాక సంతకం చేసి, ఆవిడ గుర్తు కూడా పుస్తకంలో ఉండాలన్నాను. వేలిముద్రకు సిరా ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంటే, "పెన్ను ఈ అన్నా" అని తీసుకుని, నా సంతకం కింద గుండ్రటి తెలుగు అక్షరాల్లో తన పేరు రాసింది.

గాలిలో

నాలుగో రోజు తెల్లవారింది. గాలి లేదు. పుల్లారెడ్డి ఒక్కడే కూర్చున్నాడు. మాబు సాబు విమానం ముందున్న పంకా తిప్పి పక్కకు దూకాడు. విమానం బీడు మీద ఎగిరెగిరి పడుతూ పోయింది, పోయింది, ఒక్కసారి కుదుపు ఆగింది. చక్రాల కింద వెలుతురు కనిపించింది.

ఆ అరుపు నేను మరిచిపోలేను. ముసలివాళ్లు తలపాగాలు విసిరారు. మాబు సాబు మాత్రం అరవలేదు. రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడ్డాడు, విమానం బరువు తానే మోస్తున్నట్టు. పుల్లారెడ్డి ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, బండల గుట్టల మీదుగా చుట్టు తిరిగి, దూది మూటలా దిగాడు.

రెండోసారి మాబు సాబును ఎక్కించుకున్నాడు. ఆయన దిగి వచ్చాడు. "మన ఊరు ఇంతే ఉండాది" అని అరచెయ్యి చూపించాడు. హుసేనమ్మను కూడా పిలిచాం. ఆవిడ ఆకుపచ్చ గాజుల చేతులు ఊపింది. "పైనుంచి నా ఇంటి కప్పు సూసి ఏం జేద్దు? కింద నుంచి నా కుట్టు సూస్తా, పోండి."

మూడోసారి నేను. "రైలు ఎక్కాల్సింది ముద్దనూరులో గదా మేస్త్రీగారూ. జమ్మలమడుగు కాడ దింపుతా" అన్నాడు పుల్లారెడ్డి, బండిలో సంతకు తీసుకుపోతానన్నంత తేలిగ్గా. అక్కడ వాళ్ల బావ పెట్రోలు డబ్బాలతో కాచుకుని ఉన్నాడట. ఉత్తరంలో నాకీ సంగతి రాయలేదు. పెట్టె కాళ్ల మధ్య పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను.

రైల్లో, బస్సులో కొంచెం కొంచెంగా చూసిన సీమ ఒక్కసారిగా పరుచుకుంది. బేతంచెర్ల నాపరాళ్ల గనులు తెల్లటి గీతల్లా కనిపించాయి. బనగానపల్లె దగ్గర బ్రిటిషు వారి జిల్లా ఆగి నవాబు గారి సంస్థానం మొదలవుతుందని పటంలో ఉంది. పైనుంచి హద్దు ఎక్కడా కనపడలేదు. కోయిలకుంట్ల నల్లరేగడి తడిసిన గొంగడిలా ఉంది. మా కృష్ణ గట్టు మీద పచ్చదనం చూసి పెరిగిన నాకు, ఎండిన నేలకు ఇన్ని రంగులుంటాయని అప్పుడే తెలిసింది. ఎరుపు, బూడిద, పసుపు, నలుపు.

నేల ఎదురుగా చీలిపోయింది. పెన్న గండి. ఎర్రటి రాతి గోడల మధ్య లోతున నీటి గీత, పైన గండికోట బురుజులు. దాని మీదికి రాగానే గాలి విమానాన్ని కిందికి లాగి, వెంటనే పైకి విసిరింది. నా తల కర్రకు కొట్టుకుంది. కుడి రెక్క దిగిపోయింది. వెనక సీట్లో పుల్లారెడ్డి కట్టెను ఎడమకు వంచాడు. నా చూపు ఎడమ చెవి మీదే ఉంది. లేచింది. రెక్క సమానంగా వచ్చింది. మళ్లీ విసిరింది, మళ్లీ సరిచేశాడు. మూడు సార్లు అలా. అప్పుడు నాకు భయం వేయలేదు. ఆ తీగ ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఏ పిన్ను దాన్ని పట్టి ఉందో, ఆ పిన్ను కాళ్లు ఎవరు వంచారో అంతా కళ్ల ముందు ఉంది. గొంతెత్తి అరిచాను. ఏం అరిచానో ఇంజను మోతలో నాకే వినపడలేదు.

గండికోట ఎదుట బీడు

కోటకు కొంత దూరంలో కోత అయిపోయిన చేను మీద దిగాం. గొర్రెలు చెదిరిపోయాయి. వాటి కాపరి, గొంగడి కప్పుకున్న ముసలాయన, పారిపోకుండా కర్ర పట్టుకుని మా దగ్గరికే వచ్చాడు.

"యాడ్నుంచి వస్తాండారప్పా?"

"ఓర్వకల్లు నుంచి" అన్నాడు పుల్లారెడ్డి.

"ఎప్పుడు బయల్దేరినారు?"

"పొద్దున."

"ఏ పొద్దున?"

"ఇయాల్టి పొద్దునే."

ఆయన సూర్యుణ్ణి చూశాడు, మమ్మల్ని చూశాడు. "నేను ఈ గొర్రెల్ని ఏటి కాడి నుంచి ఈడికి తోలుకొచ్చే లోపల ఓర్వకల్లు నుంచి వచ్చినారా?" అని నేల మీద కూర్చుండిపోయాడు. ఆయన పేరు ఎర్రన్న. తన సద్ది మూట విప్పి మాకు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ పెట్టాడు. గండి మీద అంత ఊగిసలాట తర్వాత ఆ రొట్టె ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

తిన్నాక కట్టె అడుగు నుంచి తోక కొస దాకా ప్రతి పిన్నూ చూశాను. ఒక్కటి కదల్లేదు. రెడ్డి గారి బావ బండి మీద వచ్చి పెట్రోలు పోయించాడు. పుల్లారెడ్డి తిరిగి ఒక్కడే పోవాలి. పుస్తకంలో రెండో సంతకం పెట్టడానికి హుసేనమ్మ ఇక్కడ లేదు. బావ ఎద్దులను అదిలించడంలో ఉన్నాడు. నేను ఎర్రన్న దగ్గరికి పోయాను.

"పెద్దాయనా, ఒక సాయం చేయాలి. కట్టెను ఎడమకు వంచితే ఎడమ చెవి పైకి లేవాలి. లేస్తుందో లేదో నువ్వు చూసి చెప్పాలి."

"నేనా? నాకేం తెలుసు?"

"కళ్లున్నాయి కదా."

ఆయన గొంగడి భుజం మీదికి వేసుకుని, గొర్రెల్లో పొట్టేలును ఎంచేంత శ్రద్ధగా రెక్క ఎదుట నిలబడ్డాడు. పుల్లారెడ్డి కట్టె వంచాడు. "ఎడమది లేసింది. కుడిది దిగింది" అన్నాడు ఎర్రన్న. "ఇంకొక తూరి కానీ." నేను చాలన్నా ఆయన ఒప్పుకోలేదు. మూడు సార్లు వంచమని చూసి, నాకు తల ఊపాడు. నేను పుస్తకంలో రాసుకుని పుల్లారెడ్డి చెయ్యి పట్టుకున్నాను.

తూర్పు గాలికి ఎదురుగా విమానం పరుగెత్తింది. మా తలల కంటే కొంచెం ఎత్తుకు లేచి, ఉత్తరంగా ఇంటి దారి పట్టడానికి ఎడమకు ఒరిగింది. ఎండ రెక్క మీద పడి కుట్లతో సహా మెరిసింది. ఎర్రన్న కర్ర గాల్లోకి విసిరి, గొర్రెల మధ్య నుంచి పరుగెత్తుతూ, గండి అవతలి గోడకు తగిలి తిరిగి వినబడేలా అరిచాడు.

"లేసిందప్పో! ఎడమ చెవి లేసింది!"